ముందు నన్ను చూసుకో

రాములవ్వకు రెండు కొలువులు. మొదటిది యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఊడ్చి తుడిచే పని. దానికి కాంట్రాక్టరు ఉన్నాడు, సూపర్‌వైజర్ ఉన్నాడు, వేలు పెడితే టైము చూపించే మిషను ఉంది. రెండోదానికి ఇవేవీ లేవు. క్యాంపస్ గేటు పక్కనున్న పోలీసు ఔట్‌పోస్టు నుంచి ఫోన్ వస్తుంది. "రాములవ్వా, ఒక్కసారి వచ్చిపో" అంటారు. ఆమె చీపురు గోడకు ఆనించి, చేతులు సబ్బుతో కడుక్కొని పోతుంది. అక్కడ ఎవరో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ మనిషి ఒంటిని రాములవ్వ తడిమి చూడాలి.

ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేయాలని చట్టంలో ఉందట. రాసినవాళ్లు బాగానే రాశారు. ఆ ఆడవాళ్లు ఎక్కడినుంచి ఊడిపడాలో మాత్రం రాసినట్టు లేదు. ఔట్‌పోస్టుకు ఇద్దరు లేడీ కానిస్టేబుళ్లు ఉన్నారు, కాగితం మీద. ఒకామె కాన్పు సెలవులో ఉంటే, ఇంకొకామె ఏదో సభకు బందోబస్తుకు పోయి ఉంటుంది. పదకొండేళ్లుగా ఇదే కథ. కాబట్టి నడిచి వచ్చేంత దూరంలో దొరికే రాములవ్వనే పిలుస్తారు.

ఆమె ఈ పనిని తప్పుగా ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వమే. "రాములవ్వ చెయ్యి మెత్తన" అని ఔట్‌పోస్టులో పేరు. మగవాళ్ల కళ్లముందు కొంగులు దులపాల్సిన ఖర్మ లేకుండా తాను అడ్డం నిలబడుతున్నానని, వచ్చినవాళ్లకు ఇది ఎంతో కొంత మేలేనని ఆమె నమ్మకం. పోలీసులు పిలిస్తే పరుగెత్తేది అందుకేనని తనకు తాను చెప్పుకునేది. హాస్టల్లో తోటి పనివాళ్లు ఆమెను కాస్త భయంగా చూసేవారు. అది కూడా ఆమెకు చేదుగా ఏమీ ఉండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగినప్పుడు ఆమె రెండో అంతస్తు వరండాలో బకెట్లో ఫినాయిలు కలుపుతోంది. చేసింది హెడ్ కానిస్టేబుల్ వెంకటేశ్వర్లు.

"రాములవ్వా, జల్ది రావాలె. ఎస్సై సారే పిలుస్తున్నడు. గంజాయి కేసు."

"ఎవలు సార్?"

"స్టూడెంటే. నువ్వు ముందు రా, గీడికొచ్చినంక మాట్లాడుదాం."

ఎస్సై పిలిచాడంటే ఆమె కాళ్లకు చక్రాలు వచ్చాయి. ఎస్సై రఘువీర్ ఆరు నెలల కింద వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. అందరూ "ఏయ్" అనేచోట అతను "అమ్మా" అంటాడు. రాములవ్వ కూతురు రాజశ్రీ డిగ్రీ చదివి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. హోంగార్డు పోస్టులకు పేర్లు పంపుతున్నారని తెలిసి, రాములవ్వ ఆమె అర్జీ తీసుకొచ్చి ఎస్సై చేతిలో పెట్టింది. నేను ఒక మాట రాసి పంపుతానన్నాడు. ఆ అర్జీ మూడు వారాలుగా అతని సొరుగులో ఉంది. లాలాపేట్‌లో వాళ్లుండే రెండు గదుల ఇంట్లో రాజశ్రీ రోజూ పొద్దున్నే లేచి సందు చివరిదాకా పరుగులు తీయడం మొదలుపెట్టింది కూడా.

బయల్దేరే ముందు రాములవ్వ బాత్రూంలోకి పోయి, తలుపు గడియ పెట్టి, జాకెట్టు సర్దుకుంది. ఇది ఆమె రోజూ పదిసార్లు చేసే పని. నాలుగేళ్ల కింద ఆపరేషన్ చేసి ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. హాస్టల్లో గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకుంది. పాత లంగా గుడ్డతో చిన్న మూట కుట్టి, అందులో దూది నింపింది మొదట. దూది తేలిక, వంగి తుడిచేటప్పుడు భుజం దాకా ఎగదన్నేది. అప్పుడు దూది మధ్యలో రెండు పిడికెళ్ల జొన్నలు పోసి కుట్టింది. బరువుకు అది కదలకుండా నిలబడింది. నాలుగేళ్లుగా ఆ జొన్నల మూట ఆమె గుండె మీద ఉంది.

గేటు దాకా పది నిమిషాల నడక. చెట్ల కింద పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఔట్‌పోస్టు ముందు ఒక స్కూటీ, సీటు పైకి లేపి, ఎండలో నిలబెట్టి ఉంది. లోపల బెంచీ మీద ఒక అబ్బాయి చొక్కా ప్యాంటులోకి దోపుకుంటున్నాడు. వాడి పేరు దివాకర్. వాడి తనిఖీ అయిపోయింది. పక్క గదిలోకి తీసుకుపోయి, రెండు నిమిషాల్లో బయటికి పంపారు. వాడు తల ఎత్తడం లేదు.

ఎస్సై కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"తార్నాక చౌరస్తాల చెకింగ్ పెట్టినం అమ్మా. వీని సీటు కింద పాకెట్ దొరికింది. ఎనక ఒక అమ్మాయి కూసున్నది. లిఫ్ట్ అడిగిన, నాకేం తెల్వదంటున్నది. బ్యాగుల ఏం లేదు. ఒంటిమీద పెట్టుకున్నదని మా డౌటు."

"చూస్త సార్."

"ఉత్తగ తడిమితే కాదు." అతని గొంతు కొంచెం తగ్గింది. "అన్ని బట్టలు తీపియ్యాలె. లోపలియి గూడ. ఈ మధ్యల ప్యాడ్లల్ల దాస్తున్నరు, అది గూడ తీపిచ్చి చూడు. ఏదీ విడిచిపెట్టకు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు."

రాములవ్వ తల ఊపింది. ఇంతకు ముందు ఇంతదాకా ఎవరూ చెప్పలేదు. ఒకట్రెండు సార్లు అంతదాకా పోయింది నిజమే కానీ, అది తన అంతట తానే చేసింది.

"అన్నట్టు, రాజశ్రీ ఫైలు రేపు పంపుతున్న. ఎల్లుండితోని లిస్టు క్లోజ్ అయితది" అన్నాడు ఎస్సై. బెదిరింపుగా అనలేదు, గుర్తొచ్చి అన్నట్టే అన్నాడు. అంత మర్యాదగా అనడమే ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

లేడీ కానిస్టేబుళ్ల విశ్రాంతి గది అని పేరే గానీ, అందులో విశ్రాంతి తీసుకునేది ఒక ఇనుప బీరువా, విరిగిన లాఠీలు, పట్టుకొచ్చిన బండ్ల నంబరు ప్లేట్లు. కిటికీకి న్యూస్‌పేపరు అతికించి ఉంది. గడియ సరిగా పడదు, అందుకని బయట వెంకటేశ్వర్లు కుర్చీ వేసుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చుంటాడు.

గదిలో ఉన్న పిల్లను చూడగానే రాములవ్వ అడుగు ఆగిపోయింది. ముప్పై ఏడో నంబరు రూము. పద్మశ్రీ. నల్లగొండ దిక్కు పిల్ల, వాళ్ల నాన్న బత్తాయి తోటలో పని చేస్తాడు. రాములవ్వ తుడవడానికి పోతే చెప్పులు తీసి చేత పట్టుకుని మంచం మీదికి ఎక్కి కూర్చుంటుంది, తడి నేల తొక్కకుండా. అంత మన్నన హాస్టల్లో ఇంకెవరికీ లేదు. ఆ పొద్దున్నే కడుపునొప్పి అంటే రాములవ్వే మెస్సునుంచి వేడినీళ్లు తెచ్చి సీసాలో పోసి ఇచ్చింది.

"అవ్వా! నువ్వొచ్చినవా!"

ఆ పిల్ల ముఖం విప్పారింది. తనను తీసుకుపోవడానికే వచ్చిందనుకుంది.

"భయపడకు బిడ్డా. రెండు నిమిషాల పని. నేను చూసి ఏం లేదని చెప్త. ఏస్కొని పోదువు."

"ఏస్కొని అంటే?"

"బట్టలు."

"ఎన్ని బట్టలు అవ్వా?"

రాములవ్వ బీరువా వైపు చూసింది. "అన్ని."

పద్మశ్రీ గోడకు జరిగింది. "నాకు డేట్ వచ్చింది. నీకెరికే గదా. పొద్దుగాల నువ్వే నీళ్లు పోసిస్తివి."

"ఎరికే. అది గూడ చూడమన్నరు."

బయట కుర్చీ కిర్రుమంది. రాములవ్వ ఇక ఆలస్యం చేస్తే తనకే చేతకాదనిపించి, ఎప్పుడూ చేసేది మొదలుపెట్టింది. ఇది వెంకటేశ్వర్లు మొదటి రోజున నేర్పిన పద్ధతి. 'నువ్వు ఎవల్నన్న ముట్టే ముందు నిన్ను చూపియ్యాలె రాములవ్వా. లేకుంటే నువ్వే ఏదో పెట్టినవంటరు. పంచనామాల గూడ గట్లనే రాస్తం' అన్నాడు. అది ఆమెకు భలే నచ్చింది. ఇందులో న్యాయం ఉందనుకుంది. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. రెండు అరచేతులు తెరిచి చూపింది. కొంగు విప్పి దులిపింది. ముడి ఊడదీసి జుట్టు విదిలించింది.

"ముందు నన్ను చూసుకో బిడ్డా."

ఈ మాటకు ఇన్నేళ్లలో ఎవరూ బదులివ్వలేదు. ఏడుస్తున్నవాళ్లు, తిడుతున్నవాళ్లు, బిగుసుకుపోయినవాళ్లు. ఎవరూ ఆమెను కనీసం చూడను కూడా చూడలేదు. అది ఒక మాట, అంతే. అనేసి ఆమె చున్నీకోసం చేయి చాపింది.

"ఆగు" అంది పద్మశ్రీ. "ఏమన్నవు ఇప్పుడు?"

"ఏమన్న?"

"ముందు నన్ను చూసుకో అన్నవు. చూడనియ్యి మరి."

"చూసినవు గదా. చేతులు చూపిచ్చిన, కొంగు దులిపిన."

"నన్ను గూడ చేతులు చూసి, చున్నీ దులిపి పోనిస్తవా?"

రాములవ్వ చాపిన చేయి వెనక్కి తీసుకుంది.

"నువ్వు నన్నెట్ల చూస్తవో నేను నిన్ను గట్లనే చూస్త. రూలు నీదే గదా అవ్వా." ఆ పిల్ల కళ్లు కదలడం లేదు.

కాదనొచ్చు. తలుపు కొట్టి వెంకటేశ్వర్లును పిలవొచ్చు. కానీ పదకొండేళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్న న్యాయం అది. ఒక్క పిల్ల అడిగేసరికి కాదంటే, ఇన్నాళ్లూ అది ఉత్త నాటకమని ఒప్పుకున్నట్టే. చూస్తే ఏమవుతుందిలే, పైపైన తడిమి వదిలేస్తుందిలే అనుకుంది. రెండు చేతులూ పక్కలకు ఎత్తింది.

పద్మశ్రీ పైపైన తడమలేదు. ఆ చేతులకు అలవాటు లేదు, మంచులా చల్లగా ఉన్నాయి. మెడ వెనక, జుట్టు లోపల, చెవుల వెనక వెదికాయి. చంకల కింద, నడుము మడతల్లో, బొడ్డు దగ్గర చీర కుచ్చిళ్లలోకి వేళ్లు పోయాయి. రాములవ్వకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న ముఖంలోకి చూడలేకపోయింది, కళ్లు మూసుకుంటే ఇంకా భయం. చివరికి పైకి, ఫ్యాను వైపు చూసింది. ఒక రెక్క వంగి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ గదిలో నిలబడిన ప్రతి ఆడదీ ఆ ఫ్యానునే చూసేది. అందులో ఏముందో అని తాను ఎన్నిసార్లో అనుకుంది.

చేయి ఎడమవైపుకు వచ్చింది. జాకెట్టు మీద ఆగింది. వేళ్ల కింద జొన్నలు కదిలాయి.

"ఇదేంది?" పద్మశ్రీ గుసగుసగా అంది.

రాములవ్వ చేతులు రెండూ టక్కున దిగి ఛాతీని కప్పేశాయి. గుడ్డ మూట. లోపల గింజలు. ఒంటిమీద దాచుకున్నది. ఇప్పుడు ఈ పిల్ల గట్టిగా అరిస్తే చాలు, 'అవ్వ దగ్గరే పాకెట్ ఉంది' అంటే చాలు. తలుపు తెరుచుకుంటుంది. వెంకటేశ్వర్లు వస్తాడు, ఎస్సై వస్తాడు. విప్పి చూపియ్యి అంటారు. తానైనా అదే అనేది. మూట ఏదైనా చేతికి తగిలితే విప్పించకుండా వదలకూడదన్నది ఆమె సొంత నియమం. పోలీసులు చెప్పింది కూడా కాదు.

ఆ పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. ఏమి కనిపించిందో ఏమో, చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"వద్దు అవ్వా. చాలు."

అని, జారిన కొంగు తీసి రాములవ్వ భుజం మీద వేసి, ఎడమవైపు నిండుగా కప్పింది.

రాములవ్వ గోడకు చేరగిలబడింది. ఆ క్షణాన ఆమెకు పద్మశ్రీ కనిపించలేదు. భారతమ్మ కనిపించింది. రెండేళ్ల కింద ఇదే గదిలో నిలబడిన ముసలామె. తార్నాక మెట్రో మెట్ల కింద గంప పెట్టుకుని పూలు అమ్మేది. బస్సులో ఎవరిదో గొలుసు పోతే పక్కన కూర్చున్న పాపానికి పట్టుకొచ్చారు. తడుముతుంటే లంగా లోపల గుడ్డ మూట తగిలింది. "అది వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అంది భారతమ్మ. "రెండు నిమిషాల పని" అంది రాములవ్వ. విప్పించింది. గర్భసంచి కిందికి జారితే, ఆపుకోవడానికి కట్టుకున్న గోచీ గుడ్డ అది. ఇంకేమీ లేదు. గొలుసు ఆ సాయంత్రమే సీటు సందులో దొరికింది. అప్పటికే రాములవ్వ జాకెట్టులో జొన్నల మూట రెండేళ్లుగా ఉంది. అయినా ఆ రోజు ఆమె చేయి ఆగలేదు. ఈ పిల్ల చేయి ఆగింది. ఇరవై మూడేళ్ల పిల్లకు, బట్టలు విప్పించడానికి వచ్చిన మనిషి మీద ఉన్న దయ, తనకు ఆ ముసలామె మీద లేకపోయింది. రాములవ్వకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది.

"అయిందా?" బయటినుంచి వెంకటేశ్వర్లు.

"అయింది" అంది రాములవ్వ. పద్మశ్రీ చున్నీని ముట్టుకోకుండానే ఆమె తలుపు తీసింది.

అబద్ధమాడి గట్టెక్కుదామనే అనుకుంది ముందు. ఎవరికీ నష్టం లేదు కదా. పిల్ల బయటపడుతుంది, రాజశ్రీ ఫైలు కదులుతుంది.

"ఏం లేదు సార్. మంచిగ చూసిన" అంది ఎస్సైతో.

"అన్నీ తీపిచ్చినవా?"

"అన్నీ."

ఎస్సై ఊపిరి వదిలాడు. "సరే. సంతకాలు తీస్కోండి."

వెంకటేశ్వర్లు పంచనామా కాగితం బల్ల మీద పెట్టాడు. అది ముందే రాసి ఉంది. ఎప్పుడూ ముందే రాసి ఉంటుంది, పేర్లకు ఖాళీ వదిలి. రాములవ్వకు పేరు రాయడం వచ్చు, చదవడం రాదు. పదకొండేళ్లలో ఆ కాగితంలో ఏముందని ఆమె అడిగింది లేదు. ఆ రోజు పద్మశ్రీ అడిగింది.

"చదివి చెప్పున్రి సార్. ఏమున్నదో తెల్వకుండ నేను సంతకం పెట్ట."

వెంకటేశ్వర్లు విసుగ్గా ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కానిమ్మన్నట్టు చేయి ఊపాడు.

"సదరు యువతికి మేజిస్ట్రేట్ సమక్షంలో గాని, గెజిటెడ్ అధికారి సమక్షంలో గాని తనిఖీ కోరే హక్కు కలదని తెలియజేయగా, అవసరం లేదని చెప్పి, తన ఇష్టపూర్వకంగా తనిఖీకి అంగీకరించినది. తనిఖీ చేయు స్త్రీ ముందుగా తనను తాను తనిఖీ చేయించుకొన్నది. పిమ్మట సదరు యువతి దుస్తులు పూర్తిగా తొలగించి, సభ్యతకు భంగము కలుగకుండా..."

"నాకు ఎవలు చెప్పిన్రు సార్?" పద్మశ్రీ అడ్డం వచ్చింది. "హక్కున్నదని నాకు ఎవలు చెప్పిన్రు? నేనెప్పుడు అవసరం లేదన్న? ఇప్పుడు చెప్తున్న, నాకు అవసరమున్నది."

"తనిఖీ అయిపోయింది గదమ్మా. సంతకం పెట్టి పో" అన్నాడు ఎస్సై. మర్యాద కొంచెం పలచబడింది. "పెట్టకపోతే మళ్ల మొదటికొస్తది. ఇంకో సాక్షిని నిలబెట్టి మళ్ల చేపియ్యాల్సొస్తది. రాములవ్వా, జర చెప్పు ఈ పిల్లకు."

అందరూ రాములవ్వ వైపు తిరిగారు. ఆమె చేతిలో అప్పటికే పెన్ను ఉంది. భారతమ్మ కాగితం మీద కూడా ఇవే మాటలు రాసి ఉంటారని ఆమెకు అప్పుడు తట్టింది. భారతమ్మ ఇష్టపూర్వకంగా. సభ్యతకు భంగం కలగకుండా. కింద రాములవ్వ సంతకం.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది.

"నేను ఆ పిల్లను ముట్టలేదు సార్."

"ఏందీ?"

"ముట్టలే. అబద్ధం చెప్పిన. ఆ పిల్లే నన్ను చూసింది. మీ కాగితంల అదొక్కటే నిజం. తనిఖీ చేపిచ్చుకున్నది రాములవ్వ అని రాసిన్రు గదా, గంతే ఉంచున్రి. మిగిలింది కొట్టేయున్రి."

ఎస్సై ముఖం ఎర్రబడింది. "తమాషాగున్నదా? నీ బిడ్డ అర్జీ నా సొరుగులున్నది, యాదికున్నదా? పో, లోపలికి పోయి పని చేసి రా."

ఆ మాట వినగానే రాజశ్రీ పొద్దున సందులో పరుగెత్తడం, చెమటలు తుడుచుకుంటూ 'ఈ రోజు ఎంత సేపు పరుగెత్తినో చూసినవా' అనడం ఆమె కళ్లముందు కదిలాయి. అయినా కాలు లోపలికి కదల్లేదు.

"పోను సార్. ముందు నా సంగతి రాయున్రి. ఆ పిల్లకు నా దగ్గర ఏం దొరికిందో అది రాయున్రి."

"ఏం దొరికింది?" వెంకటేశ్వర్లు అలవాటు కొద్దీ పెన్ను అందుకున్నాడు.

"జొన్నలు" అంది రాములవ్వ. "రాయి సార్. నాలుగేండ్ల కింద నాకు ఎడమ రొమ్ము తీసేసిన్రు. జాగ ఖాళీగుంటే బాగుండదని గుడ్డల జొన్నలు కుట్టి పెట్టుకున్న. ఎంత గుడ్డ, ఎన్ని జొన్నలు, గాయం ఎక్కడిదాకున్నది, అన్ని చెప్త. రాయి."

బెంచీ మీది అబ్బాయి ఇంకా కిందికి వంగిపోయాడు. వెంకటేశ్వర్లు పెన్ను కాగితానికి ఆనించాడు, కానీ అక్షరం పడలేదు. పదకొండేళ్లుగా ఆమెతో చాయ్ తాగిన మనిషి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఊకో రాములవ్వా. గివన్ని ఎందుకు" అన్నాడు తల దించుకుని.

"రాయబుద్ధయితలేదా? నేను బట్టలేసుకొనే ఉన్న. ఉత్త నోటితోని చెప్తున్న. గంతకే నీకు రాయబుద్ధయితలేదు." ఆమె పద్మశ్రీ వైపు చేయి చూపింది. "మరి గా పిల్లది ఎట్ల రాసిపెట్టుకున్నవ్ సార్, ముందుగాల్నే?"

వెంకటేశ్వర్లు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఎస్సై కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాసేపటికి ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. ఆ పిల్ల ఆఫీసరు కావాలంటోందని మాత్రమే చెప్పాడు. రాములవ్వ పేరు ఎత్తలేదు.

అయిదింటికి ఇంకో స్టేషన్ నుంచి ఒక లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పద్మశ్రీతో పావుగంట మాట్లాడింది. నల్లకుంటలో బైండింగు షాపువాడికి ఫోన్ చేసి, ఆ పిల్ల అక్కడ ప్రాజెక్టు రిపోర్టు తీసుకుందా, బయట ఈ అబ్బాయిని లిఫ్ట్ అడిగిందా అని కనుక్కుంది. బట్టలమీదినుంచే ఒకసారి తడిమి చూసింది. ఏమీ లేదని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుంది. చీకటి పడకముందే ముప్పై ఏడో నంబరు రూములో లైటు వెలిగింది. ఇంత చిన్న పనికి ముందే ఎందుకు పిలవలేదని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

తర్వాత రాములవ్వకు ఔట్‌పోస్టునుంచి ఫోన్ రాలేదు. వారానికి వెంకటేశ్వర్లే హాస్టలు దాకా వచ్చి, నాలుగు మడతలు పెట్టిన రాజశ్రీ అర్జీ ఆమె చేతికిచ్చి పోయాడు.

రాజశ్రీ ఆ కాగితం చూసి ఏడ్చింది, తర్వాత మండిపడింది.

"పదకొండేండ్లు సంతకాలు పెట్టినవు. ఇంకొక్కటి పెడితే ఏమయితుండె?"

పెట్టిన సంతకాలే ఎక్కువైనాయని చెప్పుకోవడానికి రాములవ్వకు నోరు రాలేదు. రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు పొద్దున లేచేసరికి దండెం మీద ఆరేసిన జొన్నల మూట కనిపించలేదు. రాజశ్రీ గడప దగ్గర కూర్చుని, దాన్ని విప్పి, పాత గింజలు పారబోసి కొత్తవి పోసి కుడుతోంది. "పురుగు పట్టినయ్. చూసుకోవద్దా?" అంది తల ఎత్తకుండా.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి రాములవ్వ తిన్నగా ఇంటికి పోలేదు. భారతమ్మ ఇప్పుడు మెట్రో మెట్ల కింద కూర్చోవడం లేదు. రెండేళ్ల కిందే గంప ఎత్తుకుని లాలాపేట్ రోడ్డు మలుపుకు మారింది. రాములవ్వ రోజూ నడిచే దారే అది. ఆమె మాత్రం అవతలి పక్కనుంచి పోయేది. ఆ రోజు రోడ్డు దాటింది.

గంప ముందు నిలబడింది. నోట్లో మాట కూడదీసుకోలేక, ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా రెండు అరచేతులూ తెరిచి ముందుకు చాపింది. భారతమ్మ ఆ చేతులు చూసి గుర్తుపట్టింది. దారం చుడుతున్న వేళ్లు ఆగాయి.

"అక్కా, ఆ రోజు నువ్వు వద్దన్నప్పుడు నేను ఆగాల్సుండె" అంది రాములవ్వ.

భారతమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం కనిపించలేదు. దుఃఖం కూడా కనిపించలేదు.

"ఆగలేదు గదా" అంది.

అని, చెంబులో చేయి ముంచి పూల మీద నీళ్లు చల్లుకుంది. రాములవ్వ చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.